బల్లకోడుకి కట్టిన పిల్లాడు

పొద్దున షెడ్డులోకి అడుగుపెట్టగానే నేను చేసే మొదటి పని తాడు కొలవడం. పేరుకే తాడు. పాత దుప్పటి చింపి జడలా అల్లిన గుడ్డ పేలిక అది. ఒక కొస నడిమి రాటకి, ఇంకో కొస మా పిల్లాడి నడుముకి. వాడికింకా రెండేళ్లు నిండలేదు. నడక వచ్చింది, భయం రాలేదు. రాటకీ రంగు మరిగే మొదటి కాగుకీ మధ్య ఎంత దూరముందో నా మూరకి తెలుసు. తాడు అందులో ముప్పాతిక దాటకూడదు. నిన్న కొలిచాను కదా అని ఊరుకోలేను. గుడ్డ ఆవిరికి తడుస్తుంది, తడిస్తే సాగుతుంది.

"తాడేమైనా పిల్లాడా, రోజూ పెరగడానికి?" అని మా తోడికోడలు నవ్వేది. నవ్వనీ. ఆవిడ పిల్లలు పెద్దవాళ్లయి బడికి పోతున్నారు. నవ్వడానికి తీరిక ఉంది.

మా వీధిలో ఆడవాళ్లందరికీ ఆ షెడ్డులోనే పని. చుట్టలుగా కట్టిన నూలు చిలపల్ని కర్రలకి తగిలించి మరిగే రంగునీళ్లలో ముంచుతాం, తిప్పుతాం, తీసి పిండి ఆరేస్తాం. రంగేసిన నూలు ఎండలో ఆరితే వెలిసిపోతుందని యజమాని షెడ్డు పక్కన పెద్ద పందిరి వేయించాడు. దాని కింద ఎప్పుడూ చల్లగా గాలాడుతూ ఉంటుంది. పిల్లల్ని మాత్రం అక్కడికి రానివ్వరు, నూలు మీద చేతులు పెడతారని. నూలుకేమో నీడ, మా పిల్లలకేమో పొయ్యి సెగ. ఈ ముక్క రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండుతోంది.

ఆ రాటకి మోకాలెత్తున చుట్టూ ఒక గాడి ఉంది. తాళ్ల ఒరిపిడికి పడింది. మా ఆయన్ని, మా బావగారిని, మా ఆడపడుచుని మా అత్తయ్య దానికే కట్టేసి పనిచేసుకుంది. "నా పిల్లల్ని పెంచింది ఈ రాటే" అని గొప్పగా చెప్పుకుంటుంది కూడా. మా ఆయన లారీ మీద పోతాడు, ఎప్పుడో వస్తాడు. ఆయన నడుము పక్కన సన్నటి చార ఒకటుంది. పెళ్లైన కొత్తలో పుట్టుమచ్చ అనుకున్నాను.

మా బతుకిలా ఉండగా, ఎక్కడో సముద్రాల అవతలి దేశం నుంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. పల్లెల్లో మేలు చేయడానికి జీతం లేకుండా వచ్చారన్నారు. జీతం లేకుండా అనేసరికి మా వీధిలో సగంమందికి అనుమానం పుట్టింది, సగంమందికి జాలి. "ఇంట్లో పడక వచ్చేశారేమో పాపం" అంది తోడికోడలు. రంగు మేస్త్రీ తన ఇంటి ముందు గది వాళ్లకి అద్దెకిచ్చాడు. నెరిసిన జుట్టావిడ ఎక్కువగా పట్నంలోనే ఉండేది, ఆఫీసు పనులేవో చూసుకుంటూ. చిన్నావిడ మా మధ్యే తిరిగేది.

ఆవిడ మన భాష నేర్చుకునే వచ్చింది. నేర్చుకుని మాట్లాడే భాష కాబట్టి కుక్కని కూడా మీరు అనేది. ఏమడిగినా "మీరే చెప్పండి" అనేది. పంపు దగ్గర గచ్చు చేయిస్తే బాగుంటుందా అమ్మా? మీరే చెప్పండి. ఇవాళ వాన పడేలా ఉందా? మీరే చెప్పండి. వారం తిరక్కుండానే ఆవిడ పేరు మీరేచెప్పండమ్మ అయిపోయింది. ఆ పేరుతో పిలిస్తే నవ్వుతూ పలికేది.

వాళ్ల పద్ధతి అదట. ఊరికి ఏం కావాలో ఊరివాళ్లే తేల్చుకోవాలి. బయటివాళ్లు వేలు పెట్టకూడదు. "మీ వీధిలో ఒక్కటే కట్టగలం. ఏది కట్టాలో ఆడవారు నిర్ణయించాలి. మీరే చెప్పండి" అంది ఒకసారి అందర్నీ కూర్చోబెట్టి.

అది వింటే నాకు ఎంత సంతోషమైందో. నన్ను ఇంతవరకూ ఎవరూ ఏదీ అడగలేదు. ఏడో తరగతి మధ్యలో అమ్మ కాలు విరిగితే బడి మాన్పించినప్పుడు కూడా అడగలేదు.

సెలవు రోజున వీధిలో అందరం చేరాం. ఎవరికి కావాల్సింది వాళ్లు సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీయాలి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ మూడేసి గులకరాళ్లు ఇస్తారు, ఏ బొమ్మ మీద ఎక్కువ రాళ్లు పడితే అది కడతారు. చదువురాని వాళ్లకి కూడా సులువని ఆ పద్ధతి పెట్టారు. బాగానే ఉంది. నేను ఒక గది గీశాను. తలుపు, రెండు కిటికీలు, లోపల చాప, చాప మీద పిల్లలు, గోడకి ఆనుకుని వాళ్లని కనిపెట్టుకునే ఒక ముసలావిడ. తాడు గీయలేదు. పక్కన మా అత్తయ్య, ఆవిడ ఈడువాళ్లు కలిసి ఒక హాలు గీయించారు. మెట్లు, గేటు, గేటు మీద కమాను. కమానుకి రెండు వైపులా దీపాలు కూడా పెట్టించారు. మా గదికి కనీసం గడియ కూడా గీయలేదే అనిపించింది నాకు.

రాళ్లు పంచింది మీరేచెప్పండమ్మ. ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. ఇంటికి ఏది వచ్చినా ముందు అత్త చేతిలో పడాలి. కూలి డబ్బులు కానివ్వండి, ఎవరో పంచిన మిఠాయి కానివ్వండి. అడగడం, ఇవ్వడం అంటూ ఉండదు. అత్త చెయ్యి చాపుతుంది, కోడలి చెయ్యి దానంతటది తెరుచుకుంటుంది. ఆ రోజూ అంతే. మా అత్తయ్య వెనక్కి తిరిగి కూడా చూడకుండా అరచెయ్యి చాపింది. తోడికోడలు తన రాళ్లు వేసింది. నేనూ వేశాను. వేసేశాక గానీ ఏం చేశానో తెలియలేదు. వీధి పొడవునా అత్తల అరచేతులు నిండాయి. అవన్నీ వెళ్లి కమాను మీద పడ్డాయి.

నా గది మీద ఒక్క రాయి పడింది. అది కూడా హాలు మీద వేయబోతే దొర్లి వచ్చింది.

మీరేచెప్పండమ్మ అంతా చూసింది. చూసి, చప్పట్లు కొట్టి, ఫొటో తీసుకుంది.

ఇంటికి వచ్చే దారిలోనే మొదలుపెట్టింది అత్తయ్య. "గదేంటే గది? నేను బతికుండగా నా మనవడు ఊరుమ్మడి గదిలో పడుంటాడా?"

"మీరూ షెడ్డులోనే ఉంటారు కదా అత్తయ్యా, పిండే చోట."

"ఉంటే? నాకు కళ్లు లేవా?"

"కళ్లున్నాయి. చేతులే ఖాళీ ఉండవు."

"మాటలు బాగా నేర్చావు. పైవీధిలో హాలుంది, మనకి లేదు. రేపు పెళ్లైనా చావైనా నలుగురు కూర్చోడానికి చోటేదీ?"

"పైవీధిలో రాట కూడా లేదు అత్తయ్యా."

ఆవిడ ఆగి నా వైపు చూసింది. తోడికోడలు నా మోచెయ్యి గిల్లింది. నేను మోచెయ్యి విదిలించుకుని వాళ్లకంటే ముందు నడిచాను.

మర్నాడు పని దిగాక పిల్లాణ్ని చంకనేసుకుని మేస్త్రీ ఇంటి ముందు గదికి వెళ్లాను. మీరేచెప్పండమ్మ బల్ల ముందు కూర్చుని ఉంది. కుర్చీ చూపించింది. నేను నిలబడే చెప్పాను. తాడు సంగతి, కాగు సంగతి, చాపిన చెయ్యి సంగతి. ఆవిడ మెడ వంచి శ్రద్ధగా విన్నది. అంత శ్రద్ధగా వింటే పని అయిపోయినట్టే అనుకున్నాను.

"మీ బాధ నాకు అర్థమవుతోంది. అయితే నిర్ణయం బృందం తీసుకుంది. నేను మాట్లాడితే అది నా నిర్ణయం అవుతుంది, మీది కాదు."

"ఇప్పుడు మాత్రం నాదా?"

"మీరు కూడా మీ రాళ్లు వేశారు కదా."

"నా రాళ్లు మా అత్తయ్య వేసింది. మీ కళ్లముందే."

"చూశాను. అది మీ ఇంటి పద్ధతి అనుకున్నాను. మీ పద్ధతులను మేము గౌరవించాలి."

ఏం గౌరవమో అది. నెత్తిన రాయి పడుతున్నా, పడనివ్వండి, అది వారి రాయి అనేట్టుంది.

"మీకు పిల్లలున్నారా?" అనడిగాను.

"లేరు. మా అక్కకు ఒక పాప ఉంది."

"మీ అక్క పనికి పోతే ఆ పాప ఎక్కడుంటుంది?"

"పిల్లల కేంద్రంలో."

"ఆ కేంద్రం కోసం మీ అక్క కూడా రాళ్లు వేసిందా?"

ఆవిడ మొహం ఎర్రబడింది. కనీసం ఒక్క తిట్టు తిట్టినా నాకు బాగుండేది. మంచినీళ్లు ఇచ్చింది. తాగకుండా వచ్చేశాను.

తర్వాత వారం ముసురు పట్టింది. షెడ్డులో ఆవిరి బయటికి పోక మంచులా కమ్ముకుంది. నేను మొదటి కాగు, నీలి కాగు దగ్గర ఉన్నాను. చేతులు కర్ర మీద, కళ్లు రాట మీద. తీసే సమయం వచ్చినప్పుడు మాత్రం రాట వైపు చూడటానికి ఉండదు. చిలప ఒక్క క్షణం ఎక్కువ మునిగితే రంగు తేడా కొడుతుంది, మేస్త్రీ ఊరుకోడు. తీసి, పిండేవాళ్లకి అందించి, తిరిగి చూశాను. వాడు రాట మొదట్లోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వి చెయ్యి ఊపాడు.

ఊపిన చెయ్యి నీలంగా ఉంది.

అరచెయ్యి నిండా, వేళ్ల సందుల్లో కూడా. నీలిరంగు షెడ్డులో ఒక్కచోటే ఉంటుంది, కాగు అంచున కారి కిందికి మడుగు కట్టేచోట. అంటే వాడు అక్కడిదాకా వచ్చాడు. కాగుకి, మంటకి జానెడు దూరంలో చెయ్యి ఆనించి, తనంతట తనే వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. నేను అక్కడే, రెండడుగుల్లో, వీపు తిప్పి నిలబడి ఉన్నాను. తాడు పట్టి చూశాను. చెమ్మకి సాగి పొద్దుటికంటే ఎంత పొడవైందో. పొద్దున కొలిచానని ఎవరితో చెప్పుకోను?

నేను ఏడవలేదు. కర్ర గోడకి ఆనించాను. తాడు విప్పాను, పిల్లాణ్ని ఎత్తుకున్నాను. ముసుర్లో తడుస్తూ మేస్త్రీ ఇంటికి నడిచాను. మీరేచెప్పండమ్మ బల్ల మీద పెద్ద కాగితం పరిచి హాలు ప్లాను చూస్తోంది. నేను వంగి తాడు కొస బల్లకోడుకి రెండు ముళ్లు వేసి కట్టాను. వాడు కూర్చుని బల్ల కిందికి పాకాడు.

"ఏం చేస్తున్నారు?" అంది ఆవిడ లేచి.

"మా ఇంటి పద్ధతి. మీరు గౌరవిస్తారుగా."

"నాకు పని ఉంది. మీరు ఎప్పుడు వస్తారు? ఈయన ఏం తింటారు?"

మా పిల్లాణ్ని ఈయన అన్న మొదటి మనిషి ఆవిడే.

"మీరే చెప్పండి" అనేసి వచ్చేశాను.

వచ్చేశానన్నమాటే గానీ ఆ పూటంతా నా ప్రాణం ఆ బల్ల కిందే ఉంది. ఆ బల్లకి మూలలు వాడిగా ఉన్నాయా? సిరాబుడ్డి ఏమైనా లాగుతాడా? ఆవిడ కిటికీ తెరిచి పెడుతుందా? షెడ్డులో ఉంటే ఒక్క భయమే. ఇక్కడ లెక్కలేనన్ని. అయినా వెనక్కి వెళ్లలేదు.

అత్తయ్య రాట ఖాళీగా ఉండటం చూసింది. "పిల్లాడేడీ?"

"మీరేచెప్పండమ్మ బల్లకోడుకి కట్టొచ్చాను."

పిండేవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. "పరాయివాళ్ల గడపలో నా మనవణ్ని పశువులా కడతావా?" అంది అత్తయ్య.

"ఇక్కడ కడితే పశువు కాదా అత్తయ్యా?"

ఆవిడ చేతిలో చిలపని ఎంత గట్టిగా పిండిందంటే మేస్త్రీ వచ్చి, నూలు తెగుద్దమ్మా అనాల్సొచ్చింది.

మర్నాడు కూడా కట్టాను. ఆ మర్నాడు కవలల తల్లి తన ఇద్దర్నీ ఒకే తాడుకి కట్టి తీసుకొచ్చింది. నన్నడిగింది, "రెండో కోడు ఖాళీయేనా?" అని. మిగతా రెండు కోళ్లూ వేరే పిల్లలతో నిండాక మేస్త్రీ కోడలు, ఆ ఇంటి మనిషే, వాళ్ల మామ చూస్తుండగానే తన కూతుర్ని తెచ్చి కిటికీ ఊచకి కట్టింది. బల్లకి కోళ్లు నాలుగే కదా. మీరేచెప్పండమ్మ మేం అటు తిరగ్గానే ముడులు విప్పేసేదట. విప్పేశాక ఏం చేయాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. పిల్లలు హాలు ప్లాను సగం నమిలారు. మిగతా సగం మీద మావాడి అరచెయ్యి అచ్చు పడింది, కొంచెం తడిసి కొంచెం నీలంగా.

అలా కొన్నాళ్లు సాగింది. ఒక మిట్టమధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో మీరేచెప్పండమ్మ కనబడింది. చంకలో మావాడు, వెనక కొంగు పట్టుకున్నట్టు ఆవిడ చొక్కా పట్టుకుని కవలలు. జుట్టు ఊడి మొహం మీద పడింది. పని వేళ మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని ఆవిడ ఎప్పుడూ పని దిగాకే వచ్చేది. కాగులు మరుగుతుండగా ఆ షెడ్డు చూడటం అదే మొదలు. ఆవిరికి కళ్లు నులుముకుంది. రాట చూసింది. వంగి గాడిలో వేలు పెట్టింది. వేలు సగానికి మునిగింది.

"ఇది తప్పు" అంది.

షెడ్డంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ నోట అలాంటి మాట మేమెవరమూ వినలేదు.

"ఏది తప్పు?" అంటూ లేచింది అత్తయ్య. "ముగ్గుర్ని పెంచానిక్కడ. చచ్చారా? కుంటివాళ్లయ్యారా? నీకేం తెలుసని తప్పంటున్నావు?"

"క్షమించండి. కానీ తప్పే. హాలు వద్దు. గది కడదాం. నేను మా ఆఫీసుకు చెబుతాను."

నేను కోరుకున్న మాట అదే కదా. నా గుండె చల్లబడాలి కదా. అదేం చిత్రమో, అంతవరకూ లేనంత కోపం అప్పుడు వచ్చింది నాకు. నేను నిలబడి నోరు నొప్పెట్టేలా చెబితే బృందం అంది. ఇప్పుడు తన చంక నొప్పెట్టేసరికి తప్పు కనబడింది.

"మీరు చెప్పొద్దు" అన్నాను.

"అదేంటి? మీరేగా అడిగారు."

"అడిగాను. అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీరు చెప్పి కట్టిస్తే, మీరు పోయిన మర్నాడు అది మా అత్తయ్య తాళం కిందికి పోతుంది. రాళ్లు మళ్లీ పంచండి. పంచి, ఎవరి రాళ్లు వాళ్లే వేయాలని ఆ ఒక్క ముక్క చెప్పండి. అది చాలు."

"ఎన్నిసార్లు పంచినా అవే రాళ్లు, అవే చేతులు" అంది అత్తయ్య.

"మరి పంచితే మీకేం పోయింది?"

ఆవిడ వెనక్కి తగ్గే మనిషి కాదు. "పంచమను" అంది.

మళ్లీ సెలవు రోజు, మళ్లీ సుద్దముక్క. ఈసారి నా గదికి గడియ గీశాను. మీరేచెప్పండమ్మ రాళ్లిస్తూ ప్రతి ఒక్కరికీ చెప్పింది, మీ రాళ్లు మీరే వేయాలి అని. మాట చెప్పడం సులువు. మా అత్తయ్య ఎప్పటిలాగే వెనక్కి తిరక్కుండా చెయ్యి చాపింది. తోడికోడలు ఆవిడ వైపు, నా వైపు చూసి, తన రాళ్లు ఆ చేతిలో వేసేసింది. ఆవిడకి గదితో పనిలేదు మరి. నా చెయ్యి కూడా తెరుచుకోబోయింది. వేళ్లు కదిలాయి, నాకు తెలుసు. రాళ్లు అరచేతిలో గుచ్చుకునేదాకా పిడికిలి బిగించాను.

చాపిన చెయ్యి అలాగే ఉంది. వీధంతా ఆ చెయ్యినే చూస్తోంది.

"ఏమే" అంది అత్తయ్య, మెల్లగా.

"నావి నేను వేసుకుంటాను అత్తయ్యా."

"నలుగురిలో నా చెయ్యి ఖాళీగా నిలబెడతావా?"

"మీరు దించుకోవచ్చు."

వెళ్లి నా గది మీద వేశాను, చాప ఉన్నచోట. నా వెనక కవలల తల్లి వేసింది. ఆవిడ అత్త చేయెత్తి కొట్టబోయింది, మధ్యలో ఎవరో పట్టుకున్నారు. తర్వాత మేస్త్రీ కోడలు. తర్వాత ఎవరెవరో, తలొంచుకుని, గబగబా. ఒక్కో అత్తకి ఇద్దరేసి ముగ్గురేసి కోడళ్లున్న వీధి మాది. ఎవరివి వాళ్లు వేసుకుంటే లెక్క ఎటు పోతుందో ఏడో తరగతి మధ్యలో ఆగినదానికి కూడా తెలుసు. కమాను మీద రాళ్ల సందుల్లో నేల కనబడుతోంది. గది మీద సుద్దగీత ఒక్కటీ కనబడలేదు.

మీరేచెప్పండమ్మ చప్పట్లు కొట్టబోయి, మా అత్తయ్య మొహం చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అత్తయ్య పెరట్లో కుళాయి దగ్గర పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. వాడి అరచెయ్యి సబ్బుపెట్టి రుద్దుతోంది. నీలం వెలిసింది గానీ గీతల్లో ఇంకా ఉంది.

"ఇన్నాళ్లైనా పోలేదు, ఇదెక్కడిది?" అంది. నన్ను కాదు, వాణ్ని.

"నీలి కాగు మొదట్లోది" అన్నాను నేను.

రుద్దే చెయ్యి ఆగింది. కాసేపు నీళ్లు ఊరికే పోయాయి. మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది, మునుపటికంటే మెల్లగా.

"ఒరే, మీ అమ్మకి చెప్పు. నా పిల్లల్ని నేను కట్టేసి పెంచానని ఊరందరి ముందు చాటించింది. ఇక నేను తనతో మాట్లాడనని చెప్పు."

వాడికి అమ్మ, నీళ్లు తప్ప మాటలు రావు. "నీళ్లు" అన్నాడు.

"నేనెవరి పెంపకాన్నీ ఏమనలేదని చెప్పు మీ నాన్నమ్మకి" అన్నాను.

"అనకపోయినా అన్నట్టేనని చెప్పు."

నేను తువ్వాలు అందించాను. ఆవిడ అందుకుంది, నా మొహం చూడకుండా. నాకూ ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు. చాపిన ఆ చెయ్యి గుర్తొస్తే పాపం అనిపించింది, అదే చెయ్యి నా రాళ్లు కమాను మీద పోయడం గుర్తొచ్చి మళ్లీ మండింది.

వాడి చెయ్యి తుడుస్తూ ఆవిడే అంది. "ఆ గదిలో చాప పలచటిది వేయొద్దని చెప్పు మీ అమ్మకి. గచ్చు చల్లదనానికి నీకు రొంప పడుతుంది."

"మందంగానే గీశానని చెప్పు" అన్నాను.